ఎర్రబడిన పసుపు చీర

ఆ రోజు సూరత్ ఉధ్నాలోని ఆ ఇంట్లో ఎవరెవరున్నారంటే, తెల్లారితే పెండ్లి పీటల మీద కూచోవాల్సిన లత, ఆమె తల్లి సమ్మక్క, తండ్రి సదానందం, నాయనమ్మ వెంకటవ్వ, పెండ్లి పనులకని ముందే దిగి పనికంటే మాటలే ఎక్కువ చేస్తున్న మేనమామ పరుశురాం. ఆ తర్వాత సంగీత. ఇంట్లో ఉన్నా ఆమె ఉన్నట్టు ఎవరికీ అంతగా గుర్తుండదు కనుక చివర చెప్పుకోవాల్సి వచ్చింది.

సంగీత సదానందం తమ్ముని కూతురు. సిరిసిల్ల దగ్గరి పల్లెలో సర్కారు బడిలో పదో తరగతి పరీక్షలు రాసి, నాయనమ్మకు తోడుగా రైలెక్కి సూరత్ వచ్చింది. పేరు పెట్టి పిలిస్తే ముందు తల వంచుతుంది, ఆ తర్వాత పలుకుతుంది. ఆ పలుకు కూడా పిలిచినవాళ్ల చెవి దాకా చేరితే చేరినట్టు. "ఈ పిల్లకు సౌండు పెట్టుడు మరిచిపోయిండ్రు" అని పరుశురాం వచ్చిపోయే వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

పొద్దున్నే ఇంటి వెనక సందులో పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టుకుని సమ్మక్క పసుపు కలిపింది. అందులో ముంచాల్సిన తెల్లచీర మామూలుది కాదు. సదానందం పెండ్లి కాకముందు నుంచీ ఉధ్నా లూముల మీద ఊరివాళ్లందరి బట్టా నేసినవాడు. బిడ్డ పెండ్లి కుదరగానే కార్ఖానా ఓనరు శేట్‌ను బతిమాలి ఒక లూమ్ తీసుకుని, మంచి నూలు ఎక్కించి, పక్కవాళ్లెవరినీ చెయ్యి పెట్టనీయకుండా తనే నిలబడి నేశాడు. ఆ తర్వాత మిల్లులో తెల్లగా చేయించి తెచ్చాడు. పెండ్లి ముందునాడు జరిగే మైలపోలు స్నానం తర్వాత పిల్లకు కట్టే చీర తండ్రి చేతిదే కావాలని వాళ్లింటి పద్ధతి. తెల్లగా నేసి, పసుపునీళ్లలో ముంచి, ఆరబెట్టి కట్టాలి. ఆ రోజు సాయంత్రమే లతకు మైలపోలు. ఇంకొక చీర కొనితెచ్చి కట్టేది కాదు.

చీర తొట్టిలోకి దిగింది. సమ్మక్క రెండు చేతులతో అటూ ఇటూ తిప్పి పైకి తీసింది. తీసి అట్లాగే నిలబడిపోయింది.

చీర ఎర్రగా ఉంది. పసుపు ఒక్క చోట కూడా లేదు. కొంగు దగ్గర ఇటుకపొడి రంగు, మధ్యలో ఎండిన నెత్తురు రంగు. తొట్టిలో నీళ్లు కూడా ఎర్రబడుతున్నాయి.

"ఓ అత్తా, జర ఇటు రా" అంది సమ్మక్క. ఆ గొంతు విని వెంకటవ్వతో పాటు ఇల్లంతా సందులోకి వచ్చింది. లత రెండు చేతులకూ తడి మెహందీ ఉండటంతో, చేతులు గాలిలో పట్టుకుని, గడపలో నిలబడింది.

"పసుపు కల్తీది" అంది సమ్మక్క. "నేను చెప్తనే ఉన్న, ఊరి నుంచి పట్టిచ్చిన పసుపు తెమ్మని. ఎవరు విన్నరు?"

"దిష్టి" అంది వెంకటవ్వ. "లూమ్ మీద ఉన్నప్పుడు ఎంతమంది వచ్చి చూసిండ్రు. దాచుకొని నెయ్యరాదురా అంటె విన్నడా వీడు?"

"దిష్టి లేదు, గిష్టి లేదు. ఇది బోరు నీళ్ల పని" అన్నాడు పరుశురాం. "ఈ నీళ్లల్ల సోడా ఉంటది. కావాలంటె నా నెత్తి చూడుండ్రి, వచ్చినప్పుడు ఎన్ని ఉండె, ఇప్పుడు ఎన్ని ఉన్నయి."

"నువ్వు వచ్చినప్పుడు గూడ గన్నే ఉండె మామా" అంది లత. నవ్వబోయింది గానీ చీర వైపు చూసేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సదానందం చీర అంచు పట్టుకుని, తను నేసిన పోగులను బొటనవేలితో తడుముతూ ఉన్నాడు.

సంగీతకు ఆ ఎరుపు తెలుసు. చూసీ చూడగానే తెలిసింది. బడిలో సైన్సు సారు వడపోత కాగితాలకు పసుపు పూయించి, ఎండబెట్టించి, ఒక్కొక్కదాని మీద ఒక్కో రకం ద్రావణం చుక్క వేయించినప్పుడు ఆమెకు వచ్చిన ఎరుపు అదే. ఆ తరగతి అంటే ఆమెకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. ఇంతమంది ముందు ఎట్లా చెప్పడం? మెల్లగా జరిగి గడపలో ఉన్న లత చెవి దగ్గరకు చేరింది.

"అక్కా, పసుపు మంచిదే. క్షారం తగిలితె పసుపు గట్లనే ఎర్రగయితది."

"ఏం తగిలితె?"

"క్షారం. సబ్బు, సోడా, సున్నం... గసొంటియి."

లత చిన్నప్పటి నుంచీ సూరత్‌లో పెరిగిన పిల్ల. ఏదీ చెవిలో దాచుకునే అలవాటు లేదు. "అమ్మా, దిష్టి గిష్టి ఆపుండ్రి. సంగీతకు తెలుసట" అని గట్టిగా అనేసింది.

అందరూ తిరిగి చూశారు. సంగీత తల వంచింది.

"సౌండు వచ్చిందా?" అన్నాడు పరుశురాం.

"నువ్వుండు మామా. చెప్పు సంగీతా. నా చీర అది. నువ్వు చెప్పకపోతె ఈళ్లు సాయంత్రం దాక కొట్లాడుకుంటనే ఉంటరు."

చెప్పడం కంటే చూపించడం ఆమెకు తేలిక అనిపించింది. వంటింట్లోకి వెళ్లి చిన్న గిన్నెలు తెచ్చి గడప ముందు వరుసగా పెట్టింది. అన్నిట్లో కొంచెం పసుపు వేసింది. మొదటి దానిలో బోరు నీళ్లు పోసింది. పసుపుగానే ఉంది.

"మామా, నీళ్లది తప్పు లేదు" అంది, గిన్నె వైపు చూస్తూనే. "పసుపుది గూడ లేదు."

"మరి నా వెంట్రుకలు?"

"అవి పసుపులేసి చూడలేం గదా మామా" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది. లత ఒక్క నవ్వు నవ్వి, మెహందీ చెడుతుందని చేతులు ఇంకా పైకెత్తింది.

రెండో గిన్నెలో తినే సోడా కలిపింది. పసుపు కాస్త కమలాపండు రంగుకు తిరిగి ఆగిపోయింది.

"ఇంకొంచెం వెయ్యి, అప్పుడయితది ఎర్రగ" అన్నాడు పరుశురాం, చెంచా లాక్కుని తనే ఇంకాస్త వేసి కలుపుతూ. రంగు కదల్లేదు. మళ్లీ వేశాడు. సోడా అడుగున పేరుకుంది గానీ నీళ్ల రంగు అట్లాగే ఉంది. "ఏందిది, ఎంతేసినా గంతేనా?"

"గంతే మామా. అది బలహీన క్షారం. ఎంత వేసినమన్నది వేరు, దానికి ఎంత బలముందన్నది వేరు. ఎక్కువ వేస్తె దాని బలం పెరగదు."

ఆ తర్వాత వెంకటవ్వ వైపు చెయ్యి చాచింది. "అవ్వా, నీ సున్నం డబ్బీ."

వెంకటవ్వ నడుముకు దోపుకున్న డబ్బీ ఎవరికీ ఇచ్చేది కాదు. ఏమనుకుందో, ఇచ్చింది. సంగీత అగ్గిపుల్ల కొసకు ఇంత సున్నం తీసి మూడో గిన్నెలో ముంచింది. గిన్నెంతా ఒక్కసారిగా ఎర్రబడింది. చీరదీ దీనిదీ ఒకటే రంగు.

"గిది పారాణి గదనే" అంది వెంకటవ్వ. "పసుపుల సున్నం కలిపితె పారాణి అయితదని నాకు తెల్వదా? నా పెండ్లినాడు గూడ పెట్టిండ్రు."

"అవునవ్వా. సున్నం బలమైన క్షారం. జరంతైనా చాలు. చీరల గూడ గసొంటిదే, బలమైనదే, ఏదో ఉన్నది. మనం ముంచకముందే ఉన్నది."

"నేను ముంచినప్పుడు చేతులు జారినయ్" అంది సమ్మక్క, తన వేళ్లు చూసుకుంటూ. "సబ్బు పట్టుకున్నట్టు. ఇప్పటికీ చురచురమంటున్నయ్."

సంగీతకు మిగిలిన ప్రశ్న ఒకటే. అది పెద్దబాపును అడగాల్సిన ప్రశ్న. జవాబు ఎక్కడికి తేలుతుందో కూడా ఆమెకు కొంచెం తెలుస్తూనే ఉంది. అందుకే ముందు గిన్నెలన్నీ పక్కకు జరిపింది.

"పెద్దబాపూ, మిల్లుల తెల్లగ చేసినంక... కడిగిండ్రా?"

సదానందం ఆమె వైపు చూశాడు. ఫోన్ తీసి సూరత్ పక్క పల్సానాలో ఉండే ముత్యానికి కలిపాడు. ముత్యం అతని పాత దోస్తు, బట్టను తెల్లగా చేసి రంగులద్దే మిల్లులో పని. చీరను తెల్లగా చేసి ఇచ్చింది అతనే. వెనక మెషిన్ల మోత వినిపిస్తుంటే ముత్యం అరిచి మాట్లాడాడు. సందులో అందరికీ వినపడింది.

"ఏం కడుగుడు? నువ్వే అంటివి గదనే, పెండ్లి బట్ట, కోర బట్ట, పసుపు ముట్టకముందు నీళ్లతోటి కడగద్దు, మా అవ్వ ఒప్పుకోదని. కాస్టిక్ సోడా తొట్టిల నుంచి తీసి పిండిన, ఆరేసిన, నీకిచ్చిన. మామూలుగయితె కడిగి, ఆఖర్న పుల్లనీళ్ల తొట్టిల ముంచి తీస్తరు. నీ మాట మీద అదంత బంద్ పెట్టిన. ఎందుకు, ఏమయింది?"

"ఏం కాలేదు తియ్. రేపు జల్దీ రా" అని సదానందం ఫోన్ పెట్టేశాడు. అక్కడే ఉన్న బియ్యం బస్తా మీద కూచున్నాడు. "నేనే వద్దన్న" అన్నాడు. "నా నోటితోనే."

సమ్మక్క మండే వేళ్లను కొంగుకు తుడుచుకుంది. 

ఊరుకోవడం పరుశురాంకు చేతకాదు. లోపలికి పోయి బాత్రూం కడిగే యాసిడ్ సీసాతో బయటకు వచ్చాడు. "బావా, నువ్వు లే. కాస్టిక్ బలమైనది గదా, దానికి దీటుగ బలమైనదే పొయ్యాలె. గిది మూతెడు పోస్తె చాలు" అంటూ మూత తిప్పాడు.

"వద్దు మామా."

ఆ గొంతు ఎవరిదా అని వెంకటవ్వ అటూ ఇటూ చూసింది. సంగీత అప్పటికే వెళ్లి సీసా మీద చెయ్యి పెట్టింది.

"అది బలమైన ఆమ్లం. జరంత ఎక్కువైనా నూలును తినేస్తది. ఇప్పుడు మంచిగనే కనపడి సాయంత్రం అక్క కట్టుకున్నంక చినుగుతది. మనకు బలహీనమైనది కావాలె. నిమ్మకాయలు."

"కాస్టిక్ మీదికి నిమ్మకాయనా? మల్లయోధుని మీదికి నన్ను పంపినట్టుంటది."

"పెద్దబాపూ, నువ్వు చెప్పు" అంది సంగీత. అతని పక్కన గొంతుక్కూచుంది. అతని మొహం చూసి చెప్పాలనిపించింది గానీ ధైర్యం చాలక అతని చేతుల వైపు చూస్తూ చెప్పింది. "షిఫ్టు అయిపోయిందని గంట కొడితె కొన్ని కార్ఖానాలల్ల అందరు ఒక్కసారే గేటు బయటికి ఉరుకుతరు గదా. బలమైనవి గట్ల. నీళ్లల్ల వేసుడే ఆలస్యం, ఉన్న బలమంత బయటికొస్తది. బలహీనమైనవి ఇంకో తీరు. నలుగురైదుగురు బయటికొస్తరు, మిగిలినోళ్లు లోపల్నే ముచ్చట పెట్టుకుంట కూచుంటరు. కానీ బయటికొచ్చినోళ్లు పనికి పోతె, లోపలి నుంచి ఇంకో నలుగురొస్తరు. వాళ్లు పోతె ఇంకో నలుగురు. అందరు వచ్చేదాక వస్తనే ఉంటరు. నిమ్మరసం అట్లనే. బట్టను కొరకదు. కాస్టిక్‌ను మాత్రం ఖతం చేస్తది. సరిపడ వెయ్యాలె, అంతే."

సదానందం ఆమె వైపు తిరిగాడు. "మా కార్ఖానాల బలహీనమైనోళ్లే ఎక్కువ" అన్నాడు. అతని మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

"ఆగుండ్రి" అంది వెంకటవ్వ. "ఇప్పుడు నిమ్మకాయ నీళ్లల్ల కడిగితె అది కోర బట్ట ఎట్లయితది? ఉతికిన చీర కడతమా పిల్లకు?"

ఇది సైన్సు సారు చెప్పని పాఠం. సంగీత తొట్టి వైపు చూసింది. అప్పుడు తట్టింది.

"అవ్వా, పసుపునీళ్లల్లనే నిమ్మకాయ పిండుదం. ఉతుకుడు ఉండదు. పసుపుల ముంచుడే."

వెంకటవ్వ ఆ మాటను నమిలింది. "పసుపునీళ్లయితె పసుపునీళ్లే. అండ్ల ఏం పిండితె ఏంది" అని తీర్పు చెప్పి, సున్నం డబ్బీ తీసుకుని నడుముకు దోపుకుంది.

పాత నీళ్లు పారబోసి, తొట్టి కడిగి, కొత్తగా పసుపు కలిపారు. ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ కోసి పిండారు. సమ్మక్క చేతులు మండుతున్నాయని సంగీతే చీరను దింపింది. నీళ్లలో మునుగుతుండగానే ఎరుపు కరిగిపోయి, బంతిపూవంత పసుపు పైకి వచ్చింది. సమ్మక్క రెండు చేతులూ జోడించింది. పరుశురాం ఈల వేశాడు.

ఆ సంతోషం నీళ్లు తేటపడేంత సేపు కూడా నిలవలేదు. చీర మడతల్లోంచి సన్నగా ఎరుపు మళ్లీ ఊరింది. ముందు ఒక గీత, తర్వాత ఒక మరక, చూస్తుండగానే కొంగంతా.

"అయిపాయె" అంది సమ్మక్క.

సంగీతకు ఒక్క క్షణం లోపలికి పోయి ఎక్కడైనా మూలన కూచుంటే బాగుండనిపించింది. కానీ చేతులు నీళ్లలో ఉన్నాయి, చీర చేతుల్లో ఉంది. వేళ్లకు ఇంకా జారుడు తగులుతోంది. ఆ జారుడే ఆమెకు దారి చూపింది.

"పోగుల లోపల దాగిన కాస్టిక్ ఇప్పుడు బయటికొస్తున్నది" అంది. "మన నిమ్మకాయలు అయిపోయినయి. అది ఇంకా ఉన్నది. ఇంకా కావాలె, మస్తు కావాలె."

"ఈ ఎండాకాలం అన్ని నిమ్మకాయలు ఏడ దొరుకుతయి? సోడా బండ్లోళ్లే ఎత్తుకపోతరు" అన్నాడు పరుశురాం.

"నిమ్మకాయలే ఎందుకు?" అంది గడపలోంచి లత. "లింబు నా ఫూల్ వేస్తె కాదా? ఇక్కడి వాళ్లు ఢోక్లా పిండిల వేస్తరు గదా, పులుపుకు. చక్కెర తీరు ఉంటది. కిరాణా కొట్లల్ల పాకెట్లు పాకెట్లు."

"నిమ్మ పూలా?" అన్నాడు పరుశురాం. "నిమ్మచెట్టు పూలు కోసి అమ్ముతరా ఈ గుజరాత్‌ల?"

"పూలు కాదు మామా, పేరే గంత. నిమ్మ ఉప్పు."

"నిమ్మ ఉప్పు" అని సంగీత తనలో తను అనుకుంది. "అదే అక్కా. నిమ్మరసంల ఉండేది అదే. మామా, ఉరుకు."

ఆ పిల్ల తనను ఉరకమన్నదని గ్రహించేలోపే పరుశురాం బండి స్టార్ట్ చేశాడు. మూల మీది కొట్టులో ఉన్న పాకెట్లన్నీ సంచీలో వేయించుకుని వచ్చాడు. "కొట్టాయన అడిగిండు, ఎంతమందికి ఢోక్లా అని. ఒక చీరకు అని చెప్పిన. ఇంక మాట్లాడలే" అన్నాడు.

ఈసారి సంగీత తొందరపడలేదు. గుప్పెడు వేయడం, కలపడం, ఆగడం. ఎరుపు ఊరితే మళ్లీ గుప్పెడు. తొట్టిలోని పసుపునీళ్లే ఎక్కడిదాకా వచ్చిందో చెబుతున్నాయి కనుక వేరే పరీక్ష అక్కర్లేదు. సదానందం బస్తా మీంచి లేచి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఎదురుగా కూచున్నాడు. అతను ఒక అంచు, ఆమె ఒక అంచు పట్టుకుని చీరను తిప్పుతూ పోయారు.

"బిడ్డా, ఇప్పుడు ఎంతమంది బయటికొచ్చిండ్రు?" అని మధ్యలో అడిగాడు.

"ఇంకా లోపల ఉన్నరు పెద్దబాపూ."

"రానీ. అందరు రానీ."

ఒక దశలో ఎరుపు ఊరడం ఆగిపోయింది. ఆగిందో లేదో అని వాళ్లు వంగి చూశారు. చీరను మడతలు విప్పి, పిండి, మళ్లీ ముంచారు. పసుపే. కొంగు పసుపు, అంచు పసుపు, నీళ్లు పసుపు. సంగీత వేళ్లు రుద్దుకుని చూసింది. జారుడు లేదు. ఆఖరుగా ఒట్టి పసుపునీళ్లలో రెండుసార్లు జాడించి పులుపు వదిలించారు, వెంకటవ్వ లెక్కలో అది కూడా పసుపునీళ్లే కనుక అభ్యంతరం రాలేదు.

చీరను డాబా మీద ఆరేశారు. సూరత్ ఎండ ఆ రోజు వాళ్లింటి మనిషే అనిపించింది. చీర ఆరేదాకా సంగీత దాని కిందే కూచుంది. ఆరిన ప్రతి జానా చూసుకుంటూ పోయింది. సదానందం టీ తెచ్చి ఆమె పక్కన పెట్టి, తాడు మీది చీరను చూస్తూ, "నేత ఎట్లుంది?" అని అడిగాడు. ఇంతవరకు ఎవరినీ అడగని మాట.

"పోగు గూడ కదల్లే పెద్దబాపూ."

"యాసిడ్ పోసి ఉంటె?"

"సాయంత్రం అందరి ముందర తెలిసేది."

సదానందం గట్టిగా నవ్వాడు. కింద సందులోంచి పరుశురాం, "ఏంది బావా, ఆ పిల్ల జోకు చెప్పిందా? మళ్ల చెప్పుమను, నేను వినలే" అని అరిచాడు.

సాయంత్రం చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చారు. పాటలు మొదలయ్యాయి. లోపలి గదిలో లతకు నలుగు పెట్టారు. సమ్మక్క నీళ్లు పోయడానికి సిద్ధమైంది. చీరను పళ్లెంలో పెట్టుకుని గుమ్మం దాకా తెచ్చే పని సంగీతకు ఇచ్చారు. అంతమంది ఆడవాళ్ల మధ్య నుంచి ఆమె తల వంచుకోకుండా నడిచి వచ్చింది, చీర మీది నుంచి కళ్లు తిప్పడం ఇష్టం లేక.

వెంకటవ్వ తలుపు సగం తెరిచి పళ్లెం అందుకుంది. లోపల లత పీట మీద కూచుని ఉంది. ఒంటి నిండా పసుపు. చీరను చూసి ఆమె మొహం వెలిగిపోయింది. మెహందీ పండిన చేతులతో కొంగును ముట్టుకుని, మొహానికి ఆనించుకుంది.

"అవ్వా, సబ్బు పెట్టిండ్రా అక్కకు?" అని అడిగింది సంగీత గుమ్మంలోంచి.

"ఇంకా లేదు. ఎందుకే?"

"పెట్టకుండ్రి. సున్నిపిండి చాలు. సబ్బుల గూడ క్షార గుణం ఉంటది, ఒంటి మీద మిగిలితె చీర మళ్ల మరకలు పడతది. కాస్టిక్ అంత కాదు గానీ ఉంటది. పెట్టినా ఫరవాలే, నీళ్లు మంచిగ పొయ్యాలె. చెవుల వెనక, మెడ మీద..."

"సరే తియ్" అంది వెంకటవ్వ.

"కొందరు అనుకుంటరు అవ్వా, బలహీనం అంటె నీళ్లు ఎక్కువ కలిపింది అని. అది తప్పు. నీళ్లు కలిపితె పల్చగయితది, బలహీనం కాదు. కాస్టిక్‌ల బిందెడు నీళ్లు పోసినా అది బలమైన జాతే. తినే సోడా బస్తాడు తెచ్చినా..."

లోపల లత పకపక నవ్వుతోంది. సమ్మక్క చెంబు పట్టుకుని, "అత్తా, నీళ్లు చల్లారుతున్నయ్" అంటోంది. వెనక పాట పాడుతున్న ఆడవాళ్లు పాట ఆపి వింటున్నారు.

"...అమ్మోనియా అని ఒకటుంటది, ముక్కు పగిలే వాసన, చూస్తె ఎంత బలమైందో అనుకుంటం, కానీ అది గూడ బలహీన క్షారమే. పసుపు కాగితం మీద వేస్తె ఎర్రగయితది, ఆరంగనే మళ్ల పసుపుగయితది, ఎందుకంటె అది గాలిల కలిసి పోతది. మా సారు చూపిచ్చిండు. ఇంకోటి ఏందంటె అవ్వా..."

"ఈ పిల్లకు మాటలు రావని ఎవడన్నడే?" అంటూ వెంకటవ్వ ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.